వెనక గాటు, ముందు గాటు

ఇంగున్ కళ్ళ సంగతి బయటపడింది ఏప్రిల్‌లో ఒక ఆదివారం నాడు. జీపులో చర్చికి పోతూ దారి పక్కనున్న నూనె డ్రమ్ముకి చెయ్యి ఊపింది. ఊపి ఊరుకోలేదు. "ఆ హ్యాల్మార్ చూడు, పలకరించినా తలెత్తడు, ఇంకా పోయినేటి కోపమే" అని సణిగింది కూడా. పక్కన బండి నడుపుతున్న మొగుడు బార్దూర్ ఇంకో మైలు బండి పోనిచ్చాడు. మాట్లాడ్డానికి తొందరపడే మనిషి కాదు.

"అది డ్రమ్ము" అన్నాడు చివరికి.

"ఏది?"

"నువ్వు పలకరించింది. నూనె డ్రమ్ము. హ్యాల్మార్ టోపీ పెట్టుకుంటాడు."

వేరే ఎవరికైనా చూపు మసకబారితే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. ఇంగున్‌కి మసకబారితే మాత్రం లోయంతా ఇబ్బందే. ఐస్‌లాండ్ ఉత్తరపు కొసనున్న ఆ లోయలో అన్ని ఇళ్ళ గొర్రెలూ ఎండాకాలమంతా కొండల మీద కలిసి మేస్తాయి. సెప్టెంబరులో జనం గుర్రాలెక్కి వాటిని దించుకొచ్చి గుండ్రటి రాతి దొడ్డిలోకి తోలతారు. ఏ గొర్రె ఎవరిదో తేల్చేది దాని చెవి. ఒక్కో ఇంటికి ఒక్కో కోత, తాతల నాటిది. చెవులకి ప్లాస్టిక్ బిళ్ళలు తగిలించే కాలం ఇంకా రాలేదు. తగవు వచ్చినప్పుడు జనం పిలిచేది ఇంగున్‌ని. అంతకు ముందు వాళ్ళ నాన్నని పిలిచేవాళ్ళు. ఆమె చెవి చూసి ఫలానా వాళ్ళదంటే ఇక దానికి తిరుగు లేదు. అలాంటి మనిషి డ్రమ్ముకి చెయ్యి ఊపింది.

పోయినేటి కోపం కూడా చెవి మీద వచ్చిందే. హ్యాల్మార్ పక్క కమతం వాడు, ఇంగున్‌కి అన్న వరస. ఇద్దరి తాతలూ సొంత అన్నదమ్ములు. క్రితం సెప్టెంబరులో ఒక గోధుమరంగు పొట్టేలు మెడ కావిలించుకుని నిలబడ్డాడు. "మా గొర్రె కొడుకే ఇది, మొహం చూడు, తల్లి మొహం అచ్చు దింపినట్టుంది" అని గోల. చెవిన చూస్తే నది అవతలి వాళ్ళ కోత. ఇంగున్ అందరి ముందూ అంది, "మొహాలదేముంది హ్యాల్మార్, ఎవరో ఒకరిలా ఉంటాయి. ఇక్కడ చెవి చెప్పిందే మాట." జనం పగలబడి నవ్వారు. పొట్టేలు నది దాటి పోయింది. ఆయన చలికాలమంతా వీళ్ళింటికి కాఫీకి రాలేదు.

డ్రమ్ము గొడవ తర్వాత బార్దూర్ కంటి డాక్టరు పేరెత్తాడు. పట్నం నుంచి ఏడాదికోసారి, జూన్‌లో, రేవు ఊరి ఆస్పత్రికి వస్తాడాయన. "నా కళ్ళకేం రోగం లేదు, మంచు మీద ఎండ మెరిసి అలా కనపడింది" అంది ఇంగున్. ఆ వంకతో ఏప్రిల్ గడిపేసింది. మే నెలలో గొర్రెలు ఈనాయి.

ఆ మే నెలలోనే ఫ్లెక్కా కూడా ఈనింది. ఫ్లెక్కా ముందునడక గొర్రె. అలాంటివి మందకి ఒకటుంటే గొప్ప. తుఫాను వాసన ముందే పసిగట్టి మందని ఇంటి దారి పట్టిస్తాయి, మంచులో దారి తొక్కుతాయి. ఆ తెలివి రక్తంలో రావాలి తప్ప నేర్పితే రాదు. ముసలిదైపోయిన ఫ్లెక్కాకి ఇన్నేళ్ళూ పొట్టేళ్ళే పుట్టాయి, లేదా పుట్టినవి పోయాయి. ఈసారి ఆడపిల్ల పుట్టింది. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద తల్లికున్నట్టే తెల్ల చార. ఇది ఆఖరి కాన్పని బార్దూర్‌కీ తెలుసు, ఇంగున్‌కీ తెలుసు. కొట్టంలోనే దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంగున్ చాలాసేపు కూర్చుంది. ఇలా కూర్చోవడం ఆమెకి అలవాటు లేదు.

పిల్లలకి చెవులు కోసిన రోజు వడగళ్ళూ వానా కలిసి కురిశాయి. కొట్టంలో వెలుతురు లేదు. కొన్నేళ్ళుగా ఇంగున్ అసలు కళ్ళతో కోయడం మానేసింది. చాకు పెట్టే ముందు బొటనవేలితో అంచు తడిమి చూసుకుంటుంది. ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. ఆ రోజు వేళ్ళు చలికి కర్రల్లా బిగిసిపోయాయి.

"నేను కోస్తానే, నువ్వు పట్టుకో" అన్నాడు బార్దూర్.

"మా నాన్న చేతి చాకు ఇది. నా గొర్రె చెవి నువ్వు కోసేదేంటి?"

బార్దూర్ పిల్లని పట్టుకున్నాడు. ఇంగున్ కోసింది. వారం తిరక్కుండా గొర్రెలన్నీ కొండెక్కాయి.

జూన్‌లో బార్దూర్ ఆమెని జీపెక్కించి మరీ తీసుకుపోయాడు. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. గోడ మీద అక్షరాలు చదవమంటే ఇంగున్ మూడో వరసలో పొరబడింది, నాలుగోది అసలు లేదని వాదించింది. ఆయన వాదించలేదు. నెల తిరక్కుండా పోస్టులో కళ్ళజోడు వచ్చింది. పైన దూరానికి, కింద దగ్గరికి, మధ్యలో అడ్డంగా ఒక గీత. దాంతో పాటు డాక్టరు రాసి పంపిన మాటలు: పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా పెట్టుకోండి. తీస్తూ పెడుతూ ఉంటే ఎప్పటికీ అలవాటు కాదు. మెట్లు దిగేటప్పుడు గడ్డం దించి పై అద్దంలోంచి చూడండి.

మొదటి రోజే గడ్డం దించడం మర్చిపోయింది. కింది అద్దంలోంచి చూసేసరికి మెట్టు మోకాలి దాకా లేచొచ్చినట్టు అనిపించి, లేని ఎత్తుకి కాలెత్తి, పాల బకెట్టుతో సహా బురదలో కూర్చుంది. కుక్కకి పండగైంది. ఇంగున్ లేచి కళ్ళజోడు తీసి కాఫీ డబ్బాలో పడేసి మూత పెట్టింది.

"డాక్టరు రోజంతా అన్నాడు" అన్నాడు బార్దూర్ మర్నాడు కాఫీ కలుపుతూ, డబ్బాలోంచి కళ్ళజోడు తీసి పొడి దులుపుతూ.

"డాక్టరుని వచ్చి మా మెట్లు దిగమను."

ఇక ఆ వేసవంతా ఇదే గోల. బంగాళదుంపల గిన్నె మూత తీస్తే అద్దాలు తెల్లబడతాయి. కాఫీ తాగితే తెల్లబడతాయి. బయటికి పోతే వాన చుక్కలు, తుడిస్తే ఉన్ని నూగు, మళ్ళీ తుడిస్తే వేలి ముద్రలు. గడ్డి కోతప్పుడు చెమటకి ముక్కు మీంచి జారి గడ్డిలో పడింది. దాన్ని వెతకాలంటే అది కళ్ళకి ఉండాలి. ఆరబెట్టిన వరసలన్నీ తిరగేస్తే చివర్న బార్దూర్ పంగలకర్రకి తగిలింది. ముక్కుకి రెండు పక్కలా ఎర్రటి గుంటలు పడ్డాయి. చెవుల వెనక కాడలు ఒరుసుకుని పుళ్ళు లేచాయి. టోపీ పెట్టుకుంటే ఆ కాడలు బుర్రలోకి దిగుతున్నట్టు ఉండేది. సాయంత్రానికి తలనొప్పి. పొద్దున లేవగానే మళ్ళీ అదే ముక్కు, అదే గుంట.

పోనీ కనపడేది ఏమైనా బాగుందా అంటే అదీ లేదు. చర్చిలో వేదిక మీది పటంలో దేవుడి కాళ్ళ దగ్గర గొర్రె పడుకుని ఉందని చిన్నప్పట్నుంచీ ఆమె నమ్మకం. పాస్టరు ప్రసంగం విసుగు పుట్టినప్పుడల్లా ఆ గొర్రెని చూస్తూ కూర్చునేది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అది బండరాయి.

సహకార సంఘం కొట్టు దగ్గర హ్యాల్మార్ ఎదురయ్యాడు. కోపం మర్చిపోయేంత సంబరం ఆయన మొహంలో కనపడింది. కళ్ళజోడుతో కనపడింది కాబట్టి పొరపాటు కూడా కాదు.

"ఏం చెల్లీ, బడిపంతులమ్మలా తయారయ్యావు. గొర్రెలకి చదువు చెప్తావా ఏంటి?"

"నువ్వూ ఒకటి రాయించుకో. డాక్టరు వచ్చే జూన్‌లో వస్తాడట."

"నాకెందుకు. నావి గద్ద కళ్ళు" అని హ్యాల్మార్ పొగాకు పొట్లం మీది ధర చూడ్డానికి చెయ్యి బారుగా చాచాడు. చాలక ఇంకో అడుగు వెనక్కి వేశాడు. "సెప్టెంబరులో చూద్దాంలే, చెవి ఏం చెప్తుందో, అద్దం ఏం చెప్తుందో."

అది ఆమెకి సూటిగా తగిలింది. దొడ్డిలో తప్పు చెప్తే చాలు, ఇక తన్ని ఎవరూ పిలవరని ఆమెకి తెలుసు. ఆ రాత్రి కళ్ళజోడుని బల్ల మీదికి విసిరేసి, "ఇది ఉంటే చూడలేను, లేకపోతే కనపడదు. ఏం చెయ్యమంటావు నన్ను?" అని మొగుడి మీద ఎగిరింది. తప్పు ఆయనది కాదని తెలిసే ఎగిరింది. తెలియడం వల్ల కోపం ఇంకా పెరిగింది.

బార్దూర్ లేచాడు. కెటిల్ పొయ్యి మీద పెట్టి, ఆవిరి మీద కాడలు వేడిచేసి, ఆమెని పక్కన నిలబెట్టుకుని చెవి వెనక వంపు దాకా కొద్దికొద్దిగా వంచాడు. పెట్టి చూశాడు, తీశాడు, మళ్ళీ వంచాడు. తర్వాత ఉన్ని బుట్టలోంచి నల్ల నూలు తీసి కాడల చివర్లకి సన్నగా చుట్టాడు. అది ఫ్లెక్కా ఉన్ని, ఆమె తనే వడికింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ అంతే" అంది. కానీ మర్నాడు తలనొప్పి రాలేదు. ఆ మర్నాడు పడుకునే ముందు తియ్యడం మర్చిపోయి దిండు మీద వాలింది. ఆగస్టు చివరికొచ్చేసరికి మెట్లు దిగేటప్పుడు ఆమె గడ్డం దానంతటదే దిగుతోందని బార్దూర్ గమనించాడు. ఆమెకి చెప్పలేదు. చెప్తే మళ్ళీ పడుతుందని భయం.

సెప్టెంబరు వచ్చింది. కొండ మీంచి మంద నదిలా దిగింది. దొడ్డి నిండా అరుపులూ, తడి ఉన్ని వాసనా, పాటలూ, జేబులు మారే సీసాలూ. ఆకాశం నుంచి పడేది వానా కాదు మంచూ కాదు, రెండింటి మధ్యది. మధ్యలో పెద్ద వలయం, దాని చుట్టూ ఒక్కో ఇంటికి ఒక్కో గది. వలయంలో గొర్రెని పట్టుకుని, చెవి చూసి, కాళ్ళ మధ్య ఇరికించుకుని ఎవరి గదికి వాళ్ళు లాక్కుపోవడమే పని. పొద్దుట్నుంచీ ఇంగున్‌ని రెండు తగవులకి పిలిచారు. రెండూ అక్కడికక్కడే తేల్చింది. అవతలి గదిలో గొర్రె చెవి కూడా ఇక్కణ్ణుంచే చదివి, "అది మీది కాదు, వదిలెయ్యండి" అని కేక పెట్టింది. జనం మొహామొహాలు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి ఇంత సుఖంగా పని చెయ్యలేదామె. ముక్కు మీద కళ్ళజోడు ఉన్న సంగతే గుర్తు లేదు.

అప్పుడు కనపడింది, నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్ల చార. ఎంత పెరిగింది. గుంపులో తోసుకోవడం లేదు, బెదరడం లేదు, పక్కగా నిలబడి తలుపు ఎటుందో చూస్తోంది. అచ్చు తల్లి తీరు. ఇంగున్ గుండె నిండిపోయింది. వెళ్ళి మెడ చుట్టూ చెయ్యి వేసి, తన గది గుమ్మం దాకా తెచ్చి, అలవాటు కొద్దీ ఎడమ చెవి పట్టుకుని కళ్ళు దించింది.

రెండిళ్ళ తాతలు కమతం పంచుకున్నప్పుడు చెవి కోతని కూడా పంచుకున్నారు. కుడి చెవి కొస రెండిళ్ళకీ ఏటవాలే. ఎడమ చెవికి ఇంగున్ వాళ్ళది వెనక అంచున గాటు, హ్యాల్మార్ వాళ్ళది ముందు అంచున గాటు. తేడా అంతే. ఈ పిల్ల చెవికి గాటు ముందు అంచున ఉంది. కింది అద్దంలోంచి చూస్తే గోరంత గాటు గుమ్మమంత కనపడుతోంది.

తను కోసిందే. తన నాన్న చాకుతో, తన చేత్తో. ఇంగున్ తలెత్తి బార్దూర్ వైపు చూసింది. ఆయన కూడా చెవినే చూస్తున్నాడు. నేను కోస్తానన్నాను కదా అంటాడని ఎదురుచూసింది. అంటే తిట్టడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

ఈ పాడు కళ్ళజోడు లేకపోతే ఏమయ్యేది? మొహం చూసి, వేలితో పైపైన తడిమి, గదిలోకి తోసి, సుఖంగా ఇంటికి పోయేది. ఎవరు చూడొచ్చారు? హ్యాల్మార్‌కి పొగాకు పొట్లమే కనపడదు. పిల్ల ఒళ్ళు చేతికి వెచ్చగా తగులుతోంది. కానీ తనకి కనపడింది. కనపడ్డాక కనపడలేదని ఎలా అనడం? ఈ పిల్లని ఇవాళ ఇంటికి తోలుకుపోతే, రేపు ఇంకొకరి గొర్రె చెవి పట్టుకుని తీర్పు చెప్పడానికి ఏ మొహం పెట్టుకుని వస్తుంది?

"హ్యాల్మార్," అని పిలిచింది. "ఇది నీది."

హ్యాల్మార్ పక్క గదిలోంచి తొంగి చూశాడు. "ఏది నాది?"

"ఈ పిల్ల. ముందు గాటు."

"నీకేమైనా పిచ్చా. ఆ తెల్ల చార నాకు తెలీదా? మీ ఫ్లెక్కా కూతురు. తోసెయ్ లోపలికి."

"మొహం కాదు హ్యాల్మార్, చెవి."

"ఆ మాట పోయినేడు విన్నాంలే" అంటూనే వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొర్రెల్ని వదిలేసి దగ్గరికి జరిగారు. హ్యాల్మార్ చెవి పట్టుకుని, పిల్లని కూడా చెయ్యి బారుగా జరిపి, తల వెనక్కి వాల్చి చూశాడు. "వెనకే ఉంది గాటు. ఇదిగో."

"అది బురద చుక్క."

"గాటే. నీ అద్దాలు ముందుది వెనకా వెనకది ముందూ చూపిస్తున్నాయి. అందుకే వద్దంటాను అవి."

"వేలు పెట్టి చూడు."

"చేతికి తొడుగుంది."

"తీసి చూడు."

"నీ గొర్రె కోసం నా చెయ్యెందుకు తడుపుకోవాలి?"

సొంత గొర్రెపిల్లని వదులుకోవడానికి కూడా ఈ మనిషిని బతిమాలుకోవాలా? ఇంగున్‌కి నెత్తికెక్కింది. కళ్ళజోడు ఊడబెరికి, ఆయన టోపీ వెనక్కి నెట్టి, ముక్కు మీద తగిలించింది. "ఇప్పుడు చదువు. గడ్డం పైకెత్తు, కళ్ళు కిందికి దించు. కింది అద్దంలోంచి."

హ్యాల్మార్ చదివాడు. నవ్వుతున్న నోరు అలాగే ఉండిపోయింది. "ముందే ఉంది" అన్నాడు చిన్న గొంతుతో.

ఎవరూ నవ్వలేదు. "ఎవరు కోశారే ఇది?" అన్నాడు హ్యాల్మార్.

"నేనే. మేలో. కళ్ళు కనపడక." అందరికీ వినపడేట్టే చెప్పింది.

"నాకొద్దిది. నువ్వే పట్టుకుపో. నేనేం అనుకోను."

"నువ్వు అనుకోకపోతే సరిపోతుందా? పోయినేడు నీకొక మాట, ఈ ఏడు నాకొక మాటా? లాక్కుపో."

హ్యాల్మార్ పిల్ల మెడ పట్టుకున్నాడు కానీ కదల్లేదు. తలెత్తి ఎటో చూస్తున్నాడు. "కొండ మీద అప్పుడే మంచు పడిందా?"

"పడి వారమైంది."

"నాకెవరూ చెప్పలేదు." తర్వాత తన గది వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. "ఆ మూల నిలబడ్డ బూడిదరంగుది ఎవరిది?"

"నీ గదిలో ఉంది కదా."

"ఉంది. కానీ నాది కాదు." మెడ సాచి, "దాని పక్కది కూడా" అన్నాడు.

అలా చూసుకుంటూనే పిల్లని నడిపించుకుని పోయాడు, ముక్కు మీద కళ్ళజోడుతో సహా. ఇంగున్ గుమ్మంలో నిలబడిపోయింది. దొడ్డంతా ఒకటే ఉన్ని ముద్దలా అలుక్కుపోయింది. పిల్ల ఎటు పోయిందో కనపడలేదు. కనీసం పోతుంటే చూద్దామన్నా కనపడలేదు. ముక్కు మీద ఏదో లేనట్టు, చలి నేరుగా కళ్ళలోకి కొడుతున్నట్టు అనిపించింది.

"హ్యాల్మార్, ఇటివ్వు."

"ఒక్క నిమిషం. ఆ నల్లదాని చెవి చూస్తున్నా."

"పిల్ల నీది. కళ్ళజోడు నాది. ఇటివ్వు."

తిరిగొచ్చిన కళ్ళజోడు తడిసి ఉంది, పొగాకు కంపు కొడుతోంది. ఇంగున్ తుడవను కూడా తుడవకుండా పెట్టుకుంది.

సాయంత్రం ఎవరి మంద వాళ్ళు ఇళ్ళకి తోలారు. రెండు కమతాలకీ దారి ఒకటే, నది పక్క నుంచి. హ్యాల్మార్ మంద ముందు బయల్దేరింది. ఇంగున్ గుర్రం మీద, వెనక తన మంద, పక్కన బార్దూర్. మలుపు దగ్గర దారి పైకెక్కుతుంది. అక్కణ్ణుంచి హ్యాల్మార్ గొర్రెలు బారులు తీరి కనపడ్డాయి. పోయినేడైతే అంత దూరానిది ఆమెకి ఒక తెల్ల మరక. ఇప్పుడు ఒక్కొక్కటీ కనపడింది. బారు ముందర, మిగిలినవాటి కన్నా చాలా ముందుగా, నల్లది ఒకటి నడుస్తోంది. వాగు దగ్గర ఆగి నీళ్ళని చూసి, దాటింది. దాని వెనక మందంతా దాటింది.

"వాన పెరిగింది," అన్నాడు బార్దూర్. "అద్దాలు తీసెయ్యవే. తడిసిపోయాయి, ఏం కనపడుతుంది వాటిలోంచి?"

"కనపడుతోంది" అంది ఇంగున్. "ఉండనీ."